జీలాండియా: వెల్లింగ్టన్ కంచె వనం

జీలాండియా న్యూజిలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌లో, కరోరి ప్రాంతాన్ని ఆనుకొని ఉన్న లోయలో వెలసిన అభయారణ్యం. విస్తీర్ణం సుమారు 225 హెక్టార్లు. తొలినాళ్లలో దీన్ని కరోరి వన్యప్రాణి అభయారణ్యం అనేవారు. 2010 ప్రాంతం నుంచి జీలాండియా అన్న పేరే వాడుకలో ఉంది. లోయ చుట్టూ 8.6 కిలోమీటర్ల పొడవున, 2.2 మీటర్ల ఎత్తున కంచె ఉంది. నగరం నడుమ పూర్తిగా కంచె కట్టి స్థానిక జీవజాతులను పునరుద్ధరించిన తొలి అభయారణ్యం ప్రపంచంలో ఇదేనని నిర్వాహకులు చెబుతారు. చాలామంది రచయితలు కూడా ఈ మాటను అంగీకరిస్తున్నారు. ఇటువంటి కేంద్రాలను లోపల ఎన్ని అరుదైన పక్షులున్నాయన్న లెక్కతో తూచడం పరిపాటి. జీలాండియాకు ఆ కొలత చాలదు. కంచె బయట నగరం ఎంత మారిందన్నదే ఇక్కడ అసలు కొలత. ఆ మార్పు రావడానికి లోయలోకి జనాన్ని రానివ్వడం కూడా ఒక ముఖ్య కారణం. అందువల్ల ఇక్కడ సందర్శన కేవలం వినోదం కాదు, పునరుద్ధరణలో ఒక భాగం.

కంచె అవసరం ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఆ దేశపు జీవచరిత్ర కొంత తెలియాలి. మనుషులు రాకముందు న్యూజిలాండ్‌లో నేలపై ఉండే క్షీరదాలు గబ్బిలాలు తప్ప లేవు. పక్షులు నేలమీదే గూళ్లు కట్టాయి, కొన్ని ఎగరడమే మానేశాయి. వాసన పట్టి వేటాడే జంతువును తప్పించుకొనే నేర్పు వాటికి అలవడలేదు. పొలినీషియన్ నావికులతో పాటు పసిఫిక్ ఎలుక వచ్చింది. అది ఎప్పుడు వచ్చిందన్న విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. ఎలుక ఎముకల కాలనిర్ణయాన్ని బట్టి దాదాపు 2,000 సంవత్సరాల కిందటే వచ్చిందని 1996లో ఒక వాదం వెలువడింది. ఎలుకలు కొరికిన గింజలను పరీక్షించి, క్రీ.శ. 1280 ప్రాంతానికి ముందు ఆధారమేదీ లేదని 2008లో మరో బృందం తేల్చింది. తొలి జనావాసాల కాలంతో పొసిగేది ఈ రెండో నిర్ణయమే కాబట్టి దాన్ని స్వీకరించడం మేలు. ఐరోపా వలసదారుల వెంట ఓడ ఎలుకలు, పిల్లులు వచ్చాయి. బొచ్చు వ్యాపారం కోసం ఆస్ట్రేలియా నుంచి పోసం అనే జంతువులను తెచ్చారు. కుందేళ్లను అదుపు చేయడానికని 1880లలో స్టోట్, ఫెరెట్, వీజెల్ అనే చిన్న మాంసాహారులను వదిలారు. చివరివే పక్షులకు ఎక్కువ చేటు చేశాయి. హుయియా పక్షిని కచ్చితంగా చూసినట్లు నమోదైన చివరి సంవత్సరం 1907. మిగిలిన అనేక జాతులు తీరానికి దూరంగా ఉన్న దీవులలో మాత్రమే బతికి బయటపడ్డాయి. జీలాండియా మూలసూత్రం ఆ దీవుల పరిస్థితిని ప్రధాన భూభాగంలోనే కల్పించడం.

దానికి కరోరి లోయ అనుకూలించడానికి కారణం నీటి సరఫరా. 19వ శతాబ్దంలో ఇక్కడి పాత అడవిని చాలావరకు కాల్చి, నరికి పొలాలు చేశారు. తర్వాత నగరానికి మంచినీళ్లు ఇచ్చేందుకు 1870లలో దిగువ ఆనకట్ట, 1908లో ఎగువ ఆనకట్ట నిర్మించారు. పరీవాహక ప్రాంతంలోకి రాకపోకలు నిషేధించడంతో అడవి తనంతట తానే మళ్లీ పెరిగింది. లోయ గుండా వెల్లింగ్టన్ భూకంప భ్రంశం సాగుతున్నందున ఆనకట్టల భద్రతపై అనుమానాలు తలెత్తి, 1990లలో జలాశయాలను సరఫరా నుంచి తప్పించారు. ఖాళీ అయిన లోయను అభయారణ్యం చేయాలన్న ప్రతిపాదనకు ఆద్యుడు జిమ్ లించ్ అనే పరిరక్షకుడు. 1995లో ట్రస్టు ఏర్పడింది, 1999లో కంచె పూర్తయింది. దాని రూపకల్పనకు ముందు జంతువులతో నమూనాలను పరీక్షించారు. ఎక్కేవాటిని ఆపేందుకు పైన వంపు తిరిగిన రేకు, దూరేవాటిని ఆపేందుకు సన్నని కన్నుల జాలీ, తవ్వేవాటిని ఆపేందుకు నేలమట్టంలో బయటివైపుకు పరిచిన జాలీ అంచు అమర్చారు. ఆపై విషపు ఎరలతో లోపలి క్షీరదాలను నిర్మూలించారు. చిట్టెలుకలు మాత్రం పూర్తిగా పోలేదు. వాటిని ఏటేటా అదుపు చేస్తున్నారు.

తర్వాత జాతులను తిరిగి తెచ్చే పని మొదలైంది. 2000–01లో కపిటి దీవి నుంచి 40 చిన్న చుక్కల కివీలు వచ్చాయి. కపిటిలోని కివీలన్నీ 1912లో అక్కడ వదిలిన ఐదు పక్షుల సంతతి అని సాధారణంగా చెబుతారు. సంవత్సరం విషయంలో సందేహం ఉండవచ్చు గాని, మూలపక్షులు అతి కొద్దివేనని జన్యు పరిశీలనలు బలపరుస్తున్నాయి. 2002లో టీకే అనే స్థానిక పక్షి, కాకా అనే చిలుక జాతి పక్షి, 2005లో హీహీ చేరాయి. హీహీ ఒకప్పుడు ఉత్తర దీవి అంతటా ఉండి, చివరకు హౌటురు దీవికే పరిమితమైన పక్షి. తొండను పోలి ఉన్నా బల్లుల కుటుంబానికి చెందని ప్రాచీన సరీసృపం టువటారా. ఇవి 2005లో 70, 2007లో 130 వచ్చాయి. 2009లో ఇక్కడ ఒక టువటారా పిల్ల కనిపించింది. ప్రధాన భూభాగంలో సహజ పరిసరాల్లో టువటారా పొదగడం సుమారు 200 ఏళ్లలో అదే మొదటిసారి అంటారు. అంతకాలం రికార్డులు ఉండవు కనుక ఆ అంకెను అంచనాగానే తీసుకోవాలి. 1948లో మళ్లీ కనుగొనేదాకా అంతరించిందనుకున్న టకహే పక్షిని 2011 నుంచి ఇక్కడ చూడవచ్చు.

సందర్శకుడు రెండు తలుపుల నడుమ ఆగి లోపలికి వెళ్లాలి. ఒక తలుపు మూసుకున్నాకే రెండోది తెరవాలి. సంచిలో చిట్టెలుక గానీ, చెప్పులకు కలుపు విత్తనాలు గానీ లేవని చూసుకోమని కోరతారు. కుక్కలకు ప్రవేశం లేదు. కివీ రాత్రిపూట తిరిగే పక్షి కనుక దాన్ని చూడాలనుకునేవారు మార్గదర్శకుడి వెంట, ఎర్రకాంతి దీపాలతో నడిచే రాత్రి యాత్రకు వెళ్లాలి. అప్పుడైనా అది కనిపిస్తుందన్న హామీ లేదు. పగలు వచ్చినవారికి కాకా, టీకే, టూయీ అనే స్థానిక పక్షి, ఎండ కాచుకొనే టువటారా కనిపించే అవకాశం ఎక్కువ. ఈ నియమాలను ఆంక్షలుగా కాక పాఠాలుగా చూడాలి. తన సంచిని తానే వెతుక్కున్న మనిషికి, చూలుతో ఉన్న ఒక్క చిట్టెలుక ఎంత నష్టం చేయగలదో వేరే చెప్పనక్కరలేదు.

ఈ పద్ధతిపై ఆక్షేపణలు బలమైనవే. కంచెకు, దాని నిర్వహణకు అయ్యే ఖర్చుతో పోలిస్తే జీవవైవిధ్యానికి ఒనగూడే లాభం నిరూపితం కాలేదని 2011లో స్కోఫీల్డ్, కల్లెన్, వాంగ్ ఒక శాస్త్ర పత్రికలో వాదించారు. మరుసటి ఏడాది ఇన్నెస్, ఆయన సహచరులు అదే పత్రికలో సమాధానమిచ్చారు. వేటజంతువులను దాదాపు సున్నాకు చేర్చితే తప్ప నిలవని జాతులున్నాయనీ, కంచె ప్రయోజనాలలో ప్రజల భాగస్వామ్యాన్ని కూడా లెక్కించాలనీ వారు చూపారు. కంచె ఖర్చును ఒక్కో పక్షికి ఇంత అని భాగిస్తే మొదటి వాదమే నెగ్గుతుంది. అదే ఖర్చును నగర పౌరులకు కలిగిన అవగాహనతో కలిపి చూస్తే రెండోది నెగ్గుతుంది. అందుబాటులో ఉన్న దీవిని శుభ్రం చేయడం చవకే. కానీ ఓడెక్కి దీవికి పోలేని బడిపిల్లలు నగర బస్సులో ఈ లోయకు రాగలరు. ఏటా లక్షకు పైగా జనం వస్తున్న స్థితిలో రెండో లెక్కే సరైనది. తొలి సంవత్సరాల్లో సందర్శకుల రాబడి అనుకున్నంత రాక నగర పాలక మండలి ఆదుకోవలసి వచ్చిన మాట నిజమే. మంచినీటి పథకం లాగే ఇదీ పౌర సౌకర్యం అనుకుంటే అది వైఫల్యం కాదు.

ఇది జంతు ప్రదర్శనశాలకు మరో పేరు అన్నది రెండో ఆక్షేపణ. హీహీలకు చక్కెర నీళ్లు అందిస్తారు, కాకాలకు మేత పెడతారు. కివీలు కొద్దిపాటి పూర్వీకుల సంతతి. ఇవన్నీ వాస్తవాలే. అయితే ఇక్కడి పక్షులకు పైన వల లేదు. ఎగిరే ప్రతి పక్షీ ఇష్టమైతే వెళ్లిపోవచ్చు. మేత అనేది పాత అడవి లేని కొరతకు తాత్కాలిక పరిహారం. రిము, మాటాయ్ వంటి చెట్లు పూర్తిగా ఎదగడానికి శతాబ్దాలు పడతాయి. అందుకే ఈ ట్రస్టు తన లక్ష్యానికి 500 సంవత్సరాల గడువు పెట్టుకుంది. జన్యు వైవిధ్యం తక్కువన్న అభ్యంతరానికి మాత్రం కంచె జవాబు కాదు. ఇతర దీవులతో పక్షుల మార్పిడే దానికి మార్గం.

బయటి మార్పుకు సాక్ష్యం బలంగా ఉంది. 1990లలో వెల్లింగ్టన్‌లో అరుదైన టూయీ నేడు సాధారణ పక్షి. కొద్ది పక్షులతో మొదలైన కాకాలలో కాలికి గుర్తు ఉంగరం తొడిగినవే వెయ్యి దాటాయి. 2014లో కంచె పక్కనున్న పోల్‌హిల్ అభయవనంలో టీకే గూడు కట్టింది. 2011 నుంచి జరుగుతున్న నగర పక్షి గణనలు కూడా స్థానిక జాతుల పెరుగుదలనే చూపుతున్నాయి. దీనికంతటికీ అభయారణ్యం ఒక్కటే కారణమనడం అతిశయోక్తి. నగరంలో ఎలుకల, పోసంల నిర్మూలన కూడా అప్పుడే సాగింది. అయితే పెరట్లో కాకా వాలిన ఇంటివాడే పెరట్లో ఎలుక బోను పెట్టడానికి ముందుకొచ్చాడన్న వాదన సమంజసంగా ఉంది. 2022లో నగరానికి పశ్చిమాన ఉన్న కొండల్లో, కంచె లేని చోట కివీలను వదలగలగడం ఆ ప్రజామద్దతుకు ఫలితం. చిక్కులూ ఉన్నాయి. రసం కోసం కాకాలు చెట్ల బెరడు చీలుస్తున్నాయి, పాత ఇళ్ల పైకప్పుల మేకుల సీసం వాటికి విషమవుతోంది, జనం పెట్టే గింజల వల్ల కాకా పిల్లల ఎముకలు బలహీనమవుతున్నాయి. కనుక వెల్లింగ్టన్ వెళ్లే పాఠకులు కాకా కనిపిస్తే దానికి ఏదీ పెట్టకూడదు. టికెట్ కొని, సంచి తనిఖీ చేసుకొని, లోయలో నడిచిరావడమే ఆ పక్షికి చేయగల మేలు.