ఇంటిలో మంద్రనాదము

మన సంగీతమునకు గాత్రము ప్రాణమైనచో, మంద్రనాదము పునాది. తంబురలోని మంద్రషడ్జమపు తీగ, మృదంగపు ఎడమవైపు పలుకు, బుర్రకథలో వంతల చేతి గుమ్మెట, పెండ్లిపందిటి డోలు — వీనిని తీసివేసినచో మిగిలిన పాట నేలకానని గోడవలె నుండును. నేడు ఇంటింట పాట మ్రోగుచున్నను, ఈ పునాది మాత్రము అన్ని యిండ్లకును ఒకే తీరున చేరుటలేదు. ఇంటిలో రెండు స్పీకర్లను ప్రక్కప్రక్కన నుంచి మంద్రమును పోల్చి చూడగోరువారికి, ఆ నాదము ఇల్లు చేరిన చరిత్ర కొంత తెలిసియుండుట మేలని మా అభిప్రాయము.

నందిగామ, జగ్గయ్యపేట పట్టణములు పూర్వపు కృష్ణా జిల్లా మెట్టసీమలో విజయవాడ - హైదరాబాదు మార్గమున నున్నవి; 2022 నుండి అవి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. ఈ సీమవారికి మంద్రనాదము రేడియోతో వచ్చిన క్రొత్త వస్తువు కాదు. డప్పు కళాకారుడు వాద్యమును మంటసెగకు కాచి చర్మమునకు బిగువు తెచ్చును, స్వరము పైకెక్కును. మృదంగ విద్వాంసుడు ఎడమవైపు చర్మముపై తడిపిన రవ్వముద్ద నద్దును. బరువు హెచ్చి స్వరము క్రిందికి దిగును. బిగువునకు ఎక్కుట, బరువునకు దిగుట అను ఈ రెండు ధర్మములే నేటి స్పీకరును గూడ నడుపుచున్నవి.

మద్రాసు కేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ను ఆకాశవాణి ప్రసారములు ప్రారంభించినవి. మధ్యతరంగ ప్రసారమున పై స్వరములకు గట్టి హద్దు కలదు గాని, క్రింది స్వరములకు అంతటి హద్దు లేదు. కావున ఏ యింట ఎంత మంద్రము వినబడునన్నది చాలవరకు ఆ యింటి రేడియో పెట్టెపైననే ఆధారపడియుండెను.

దీనికి కారణమును తెలియుటకు 1925వ సంవత్సరమునకు పోవలెను. ఆ యేట అమెరికాలో రైస్, కెల్లాగ్ అను ఇరువురు, అయస్కాంతము నడుమ కదలు తీగచుట్టకు కాగితపు శంకువు నతికించిన స్పీకరును లోకమునకు వెల్లడించిరి. నేటికిని మన యిండ్లలోని స్పీకర్లలో అధికభాగము ఆ జాతివే. అయితే శంకువు ముందునకు గాలిని నెట్టినపుడు వెనుక గాలిని లాగును. మంద్రస్వరములలో ఈ రెండును కలిసి ఒకదానినొకటి చెరపివేయును. అందుకు అడ్డుగా నిలుచునది పెట్టె. పాత వాల్వు రేడియోల పెద్ద కొయ్యపెట్టె కేవలము అలంకారము కాదు. ముందుగాలిని వెనుకగాలితో వెంటనే కలియనీయని గోడ అది.

1960 ప్రాంతములనుండి ట్రాన్సిస్టరు రేడియో ఇంటింటికి వచ్చెను. పొలమునకును వెంట కొనిపోగల సౌకర్యము కలిగెను. అది గొప్ప మేలే. కాని అరచేతి వెడల్పుగల స్పీకరు సెకనుకు రెండువందల కంపనములకు దిగువ బాగుగ బలహీనపడును. ఒకటవ శ్రుతిలో పాడు గాయకుని తంబుర మంద్రషడ్జము సుమారు 65 కంపనములు మాత్రమే. అనగా చేరవలసిన పునాదిలో హెచ్చుభాగము చేరనే లేదు.

అయినను శ్రోతలు పాటను ఆనందించిరి. దీని రహస్యము చెవిలో నున్నది. మూలస్వరము లేకున్నను దాని అనుస్వరములు క్రమముగ వినవచ్చినచో, మనస్సు ఆ మూలమును తానే పూరించుకొనును. డచ్చి శాస్త్రజ్ఞుడు షౌటెన్ 1940లో ఈ విషయమును నిపుణముగ వివరించెను. విశాఖపట్టణమున బాల్యవిద్య గడపిన సి.వి. రామన్, 1920లో శివకాళీ కుమార్‌తో కలిసియు, 1934లో మరింత విపులముగను, మృదంగమునకు సాధారణపు డోళ్ళకు లేని క్రమబద్ధమైన అనుస్వరములు గలవని నిరూపించెను. కరణయని మనవారు పిలుచు ఆ నల్లని పూత చేసిన మేలది. అందువలననే మృదంగపు కుడిచేతి పలుకు చిన్న పెట్టెలోను స్వరముగ నిలిచినది. ఎడమచేతి గుమికి మాత్రము చాలవరకు లుప్తమైనది.

చిన్న పెట్టెలో పెద్ద మంద్రము నింపు ప్రయత్నములు అంతకుముందే సాగుచుండెను. తగిన రంధ్రముచే పెట్టెలోని గాలిని గూడ పలికింపవచ్చునని థురాస్ 1932లో పేటెంటు పొందెను. 1954లో విల్చర్, పెట్టెను గాలి చొరకుండ మూసి, లోపలి గాలినే స్ప్రింగుగా వాడెను. పుస్తకముల అల్మారాలో ఇముడు స్పీకర్లకు దారి చూపినది ఇదియే. కాని ప్రకృతి వరములను ఉచితముగ నీయదు. పెట్టె చిన్నదగుట, మంద్రము లోతుగ నుండుట, స్వల్పశక్తితో బిగ్గరగ మ్రోగుట — ఈ మూడింటిలో రెండే దొరకునని హాఫ్‌మన్ తేల్చెను. అంతేకాదు, అదే బిగ్గరతో కంపనసంఖ్యను సగమునకు దించవలెనన్న శంకువు నాలుగురెట్లు దూరము కదలవలెను. చిన్న స్పీకరు ఎచటనో అలసిపోవుట తప్పదు.

ఇక పోల్చుటలో మొదటి మోసము బిగ్గరతనము. శబ్దము తగ్గిన కొలది చెవి మంద్రమునే ముందుగ కోల్పోవునని ఫ్లెచర్, మన్‌సన్ 1933లో చూపిరి. కావున కొంచెము బిగ్గరగ మ్రోగినదే మంద్రమున మిన్నయని తోచును. రెండింటిని సమానముగ సవరించిన పిదపనే తీర్పు చెప్పవలెను.

రెండవ మోసము గది. తొమ్మిదడుగుల గదిలో ఎదురెదురు గోడల నడుమ సుమారు 64 కంపనముల స్వరము నిలిచిపోవును. అది పైన చెప్పిన మంద్రషడ్జమునకు అతిసమీపము! ఆ స్వరము గోడవద్ద ఉబ్బును, గది నడుమ సన్నగిల్లును. బండలు పరచిన నేల, సున్నపు గోడలుగల ఇంట ఆ నిలుకడ మరింత గట్టిది. పందిటి క్రింది డోలుకు ఈ సాయమును లేదు, ఈ చిక్కును లేదు. స్పీకరును గోడకు చేర్చిన మంద్రము హెచ్చును, మూలకు చేర్చిన మరియు హెచ్చును. కనుక రెండింటిని ఒకే స్థానమున మార్చి మార్చి యుంచి, కూర్చున్నచోటు కదలక వినవలెను.

మూడవ మోసము కన్ను. ఏది మ్రోగుచున్నదో తెలియక విన్న తీర్పునకును, చూచుచు విన్న తీర్పునకును భేదమున్నదని టూల్, ఆలివ్ 1994లో పరీక్షించి చూపిరి. ఇంటిలోనివారొకరు మార్చుచుండగా కన్నులు మూసుకొని వినుట చాలును.

వినుటకు మన సంగీతముకన్న మంచి కొలబద్ద లేదు. తంబుర తీగలన్నియు సమముగ వినవలెను. ఒక తీగ మాత్రమే హోరెత్తినచో అది గది పలుకు, స్పీకరు పలుకు కాదు. మృదంగపు గుమికి జారి ఆగవలెను; ఆగవలసినచోట ఆగక మూలిగినచో, అది విద్వాంసుని చేయి కాదు, పెట్టె దోషము. మంద్రము ఎంత యున్నదనుటకన్న, ఎంత చక్కగ ఆగుచున్నదో చూచుట ముఖ్యము. తరములుగ చేతి బిగువుతో, రవ్వ బరువుతో మనవారు సాధించిన నాదము ఇల్లు చేరునపుడు అందులో సగము పోగొట్టుకొనుట, లేనిదానిని హోరుగ చేర్చుకొనుట, రెండును నష్టములే. ఆ ఎడమచేతి పలుకు ఉన్నదున్నట్లు వినిపించు పెట్టె, ఎంత చిన్నదైనను, ఇంటికి తగినది.