విమానయాన సిబ్బంది సమాచార అనుసంధానం

విమానయాన సిబ్బంది సమాచార అనుసంధానం అనగా వేర్వేరు నగరాలలో, వేర్వేరు వేళలలో పనిచేసే విమానయాన సంస్థ ఉద్యోగులను ఒకరితో ఒకరిని కలిపే సందేశ వ్యవస్థల, సాఫ్ట్‌వేర్ల సముదాయం. కర్మాగారంలోనో పాఠశాలలోనో పనిచేసేవారు ప్రతిదినం ఒకే చోట కలుసుకుంటారు. విమాన సిబ్బందికి ఆ వెసులుబాటు లేదు. పైలట్లు, క్యాబిన్ సిబ్బంది, విమానాశ్రయ కౌంటర్లలోని ఉద్యోగులు, మరమ్మతు ఇంజనీర్లు, నియంత్రణ కేంద్రంలోని డిస్పాచర్లు ఒకరి ముఖం ఒకరు ఎన్నడూ చూడకపోవచ్చు. అయినా ఒక విమానం బయలుదేరాలంటే వీరందరి వద్ద ఒకే సమాచారం ఉండాలి.

తొలి వ్యవస్థలు

1949లో 11 విమానయాన సంస్థలు కలిసి సీటా అనే సహకార సంస్థను నెలకొల్పాయి. విడివిడిగా ఉన్న తమ సమాచార మార్గాలను ఉమ్మడిగా వాడుకోవడం దీని ఉద్దేశం. టెలిప్రింటర్ల కాలంలో రూపుదిద్దుకొన్న "టైప్ బి" సందేశాలు నేటికీ వాడుకలో ఉన్నాయి. ఈ పద్ధతిలో ప్రతి కార్యాలయానికి ఏడు ఇంగ్లీషు అక్షరాల చిరునామా ఉంటుంది. మొదటి మూడు అక్షరాలు నగరాన్ని, తరువాతి రెండు విభాగాన్ని, చివరి రెండు సంస్థను సూచిస్తాయి. హైదరాబాదుకు హెచ్‌వైడి, తప్పిపోయిన సామానును వెదికే విభాగానికి ఎల్ఎల్, ఎయిర్ ఇండియాకు ఏఐ సంకేతాలు. ఈ పొదుపైన భాష మన పాతకాలపు టెలిగ్రాములను గుర్తుకు తెస్తుంది.

1978లో అమెరికాలోని ఎరింక్ సంస్థ ఎకార్స్ వ్యవస్థను ప్రవేశపెట్టడంతో ఎగురుతున్న విమానానికి కూడా అక్షర సందేశాలు పంపడం సాధ్యమైంది. విమానం గేటు వదలిన వేళ, నేలను వీడిన వేళ, దిగిన వేళ, తిరిగి గేటు చేరిన వేళ ఇందులో వాటంతట అవే నమోదవుతాయి. సిబ్బంది జీతాల లెక్క ఈ వేళలపై ఆధారపడినది కనుక ఇది చిన్న విషయం కాదు.

టాబ్లెట్లు, బృంద సాఫ్ట్‌వేర్లు

పైలట్లు మోసే పటాల, నియమావళుల సంచీ బరువు సుమారు 16 కిలోలు ఉండేది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2013లో దాని స్థానంలో ఐప్యాడ్‌లను పూర్తిగా ప్రవేశపెట్టింది. అందరి పటాలను ఒకేసారి నవీకరించవచ్చు గాని, ఒకేసారి చెడిపోయే అవకాశమూ అందులోనే ఉంది. 2015 ఏప్రిల్‌లో వాషింగ్టన్ రీగన్ విమానాశ్రయ పటం ఒకటి రెండుసార్లు నమోదు కావడంతో యాప్ పనిచేయక డజన్లకొద్దీ విమానాలు ఆలస్యమయ్యాయి.

యామర్ (2008), స్లాక్ (2013), ఫేస్‌బుక్ వారి వర్క్‌ప్లేస్ (2016), మైక్రోసాఫ్ట్ టీమ్స్ (2017) మొదలైనవి కార్యాలయాల కోసం వచ్చినా విమానయాన సంస్థలూ వాటిని స్వీకరించాయి. వర్జిన్ అట్లాంటిక్, ఎయిర్ ఏషియా వర్క్‌ప్లేస్‌ను వాడాయి. దానిని మూసివేయనున్నట్లు మెటా 2024 మే నెలలో ప్రకటించింది.

భద్రతా సమస్య

అమెరికాలో 1981 నుండి అమలులో ఉన్న నిబంధన ప్రకారం 10,000 అడుగుల కన్న తక్కువ ఎత్తులో పైలట్లు విమానం నడపడానికి అవసరంలేని పనులేవీ చేయరాదు. అంతకన్న పై ఎత్తులో కలిగే ప్రమాదం 2009 అక్టోబరు 21న బయటపడింది. శాన్‌డియాగో నుండి మినియాపొలిస్ వెళ్ళే నార్త్‌వెస్ట్ 188వ విమానం గంటకు పైగా ఎవరికీ జవాబివ్వక, గమ్యాన్ని దాటి సుమారు 240 కి.మీ. ముందుకు వెళ్ళిపోయింది. ఇద్దరు పైలట్లూ తమ ల్యాప్‌టాప్‌లు తెరచి, డెల్టాతో విలీనం వలన వచ్చిన కొత్త డ్యూటీ కేటాయింపు సాఫ్ట్‌వేర్‌ను చర్చించుకుంటున్నారు. డిస్పాచర్లు ఎకార్స్ ద్వారా పంపిన సందేశాలను కూడా వారు గమనించలేదు. ప్రయాణికులు క్షేమంగా దిగినా, పైలట్ల అనుమతిపత్రాలు రద్దయ్యాయి. సిబ్బందికి సౌకర్యంగా ఉండాలని తెచ్చిన పరికరమే వారి దృష్టిని మళ్ళించడం ఇక్కడ గమనించదగినది.

సౌత్‌వెస్ట్ సంక్షోభం

2022 డిసెంబరు చివరి వారాలలో మంచుతుఫాను వలన అమెరికాలోని సంస్థలన్నీ ఇబ్బంది పడ్డాయి. మిగిలినవి కొద్ది రోజులలో కోలుకున్నాయి, సౌత్‌వెస్ట్ కోలుకోలేదు. ఈ సంస్థ విమానాలు ఒక కేంద్రానికి తిరిగిరాక ఊరి నుండి ఊరికి సాగిపోతాయి. ఒక విమానం రద్దయితే దాని సిబ్బంది, తరువాత వారు ఎక్కవలసిన విమానం వేర్వేరు ఊళ్ళలో చిక్కుకుంటారు. పైలట్లు, క్యాబిన్ సిబ్బంది తాము ఎక్కడ ఉన్నామో చెప్పడానికి ఫోను చేసి గంటల తరబడి వేచి ఉండవలసివచ్చింది. కేటాయింపు సాఫ్ట్‌వేర్ ఒక పరిష్కారం చూపేలోగా పరిస్థితి మారిపోయేది. విమానాలు ఉన్నాయి, నడిపేవారూ ఉన్నారు. కాని ఎవరు ఎక్కడున్నారో సంస్థకు తెలియలేదు. ఇటువంటి ముప్పు ఉన్నదని పైలట్ల సంఘం ముందే హెచ్చరించింది. అమెరికా రవాణా శాఖ లెక్క ప్రకారం సుమారు 16,900 విమానాలు రద్దయి, 20 లక్షలకు పైగా ప్రయాణికులు చిక్కుకుపోయారు. 2023 డిసెంబరులో ఆ శాఖ 14 కోట్ల డాలర్ల జరిమానా విధించింది.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన నవీకరణ ప్రపంచవ్యాప్తంగా కంప్యూటర్లను స్తంభింపజేసినపుడు డెల్టాకు అదే గతి పట్టింది. సిబ్బంది జాడను గుర్తించే దాని వ్యవస్థ మార్పులను అందుకోలేక, అయిదారు రోజులలో సుమారు 7,000 విమానాలు రద్దయ్యాయి. అదే రోజు శంషాబాదు విమానాశ్రయంలో ఇండిగో ఉద్యోగులు బోర్డింగ్ పాసులను చేతితో వ్రాసి ఇచ్చారు.