తోకకూ ధర కట్టిన రోజులు

హొర్ముజ్, ఏడెన్ రేవుల నుంచి ఓడల్లో వచ్చే గుర్రాలను విజయనగర రాజు సాళువ నరసింహరాయలు బతికున్నా చచ్చినా మూడింటికి వెయ్యి వరహాల లెక్కన కొనేవాడట. దారిలో సముద్రం మీద చచ్చిన గుర్రానికైతే వర్తకుడు తోక తెచ్చి చూపిస్తే చాలు, పూర్తి సొమ్ము ముట్టేది. ఈ సంగతి రాసిన ఫెర్నావో నూనిజ్ స్వయంగా గుర్రాల వ్యాపారి. 1535 ప్రాంతంలో విజయనగరంలో ఉన్నాడు. తన కాలపు రాజు ఏటా 13 వేల గుర్రాలను కొంటాడని కూడా లెక్క చెప్పాడు. రేవుకొచ్చే మంచి గుర్రం శత్రువు చేతికి పోకూడదన్నదే అందరి ఆరాటం. 'ఆముక్తమాల్యద' రాజనీతిలో కృష్ణదేవరాయలు చేసిన హెచ్చరికా అదే.

ఏటా అన్ని గుర్రాలు ఎందుకు కొనాల్సి వచ్చింది? యుద్ధాల్లో పోయినవి సరే. సాలలో కట్టేసి ఉండగానే చచ్చినవి ఎన్నో. రుద్రమదేవి కాలంలో దక్షిణాదికి వచ్చిన మార్కో పోలో పాండ్యదేశం గురించి ఈ మాటే చెప్పాడు. అక్కడి అయిదుగురు రాజులు తలా రెండు వేలకు పైగా గుర్రాలు కొంటే, ఏడాది తిరిగేసరికి వంద కూడా మిగలవట. వాటికి అన్నంతో పాటు ఉడికించిన మాంసం పెడతారని, గుర్రాల బాగోగులు తెలిసినవాళ్లను వర్తకులే ఇటు రానివ్వరని రాశాడు. అంకెలు పెంచి ఉండొచ్చు. కానీ గుర్రం చస్తేనే మళ్లీ బేరం తగిలే వర్తకుడి లాభాన్ని అతను సరిగ్గానే పట్టుకున్నాడు.

అలాగని మనకు అశ్వవైద్యం తెలియదనలేం. శాలిహోత్రుడి పేరుతో ఒక శాస్త్రమే నడిచింది. తెలుగులో మనుమంచి భట్టు 'హయలక్షణ విలాసం' రాశాడు. వీటన్నిటిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది కౌటిల్యుడి అశ్వాధ్యక్ష ప్రకరణం. ప్రతి గుర్రం పుట్టుక, వయసు, రంగు, గుర్తులు పట్టీలో ఎక్కించాలి. ఈనిన గుర్రానికి మూడు రోజులు నెయ్యి పట్టాలి. వైద్యుడి అశ్రద్ధ వల్ల జబ్బు ముదిరితే చికిత్స ఖర్చుకు రెట్టింపు జరిమానా, వైద్యం వికటిస్తే గుర్రం ఖరీదే కట్టాలి. తోకకు డబ్బిచ్చే ఏర్పాటుకు ఇది పూర్తిగా ఎదురు. ఒకచోట ప్రాణం పోగొట్టినవాడు డబ్బు కడతాడు, ఇంకోచోట అతనికే డబ్బు ముడుతుంది.

ఎంత శ్రద్ధ ఉన్నా అప్పటి వైద్యుడికి కనిపించని శత్రువులు కొన్ని ఉన్నాయి. 1880లో డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో సర్రా జబ్బుతో గుర్రాలు, ఒంటెలు చిక్కి శల్యమై చస్తుంటే, గ్రిఫిత్ ఇవాన్స్ అనే సైనిక పశువైద్యుడు వాటి రక్తాన్ని సూక్ష్మదర్శినిలో చూశాడు. మెలికలు తిరుగుతూ ఈదుతున్న పరాన్నజీవులు కనిపించాయి. జబ్బుకు అవే కారణమంటే పైవాళ్లు ఒప్పుకోలేదు. చివరికి ఆ జీవికి ఆయన పేరే స్థిరపడింది. దాన్ని ఒక పశువు నుంచి మరో పశువుకు మోసేవి జోరీగలు. కుట్టే ఈగల మీద అక్కడి జనానికి ముందే అనుమానం ఉండేది.

మన దేశంలో గుర్రాల జబ్బుల మీద పనిచేయడానికి 1985లో హిసార్‌లో జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఏర్పడింది. 1987లో గుర్రాలకు ఫ్లూ వ్యాపించి టీకా అవసరం తెలిసొచ్చింది. ఇవాళ బాగా సాకే గుర్రానికి ధనుర్వాతం, ఫ్లూ టీకాలు వేస్తారు. పేడ పరీక్షించి నులిపురుగుల మందు పడతారు. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కి లాడాలు మారుస్తారు. ఏడాదికోసారైనా పళ్లు అరగదీస్తారు, ఎందుకంటే వాడిదేలిన పన్ను చెంప కోస్తే మేత సరిగా నమలదు, నమలకుండా మింగితే కడుపునొప్పి పట్టుకుంటుంది. గుర్రానికి కడుపునొప్పి ప్రాణాంతకం కావచ్చు.

మలక్‌పేట పందెపు గుర్రానికి ఇదంతా వేళ తప్పకుండా అందుతుంది. పెళ్లి ఊరేగింపులో బ్యాండు మోతల మధ్య నడిచే గుర్రానికీ అందాలి. దాని యజమాని దగ్గర అంత డబ్బు ఉండదు కాబట్టి, ఆ టీకా, ఆ గిట్టల పని ప్రభుత్వ పశువైద్యశాలే తలకెత్తుకోవాలి. పైగా గ్లాండర్స్ లాంటి జబ్బు గుర్రం నుంచి మనిషికీ సోకుతుంది, మొదట సోకేది దాన్ని మాలిష్ చేసి మేత పెట్టేవాడికే.