త్రీ నాట్ త్రీ కథా కమామిషు

తెలంగాణ సాయుధ పోరాటం అనగానే ప్రతి సెప్టెంబర్‌లో పేపర్లవాళ్ళు వేసే ఫోటో ఒకటుంది. చీరకొంగు నడుముకి బిగించిన ఆడపిల్లలు తుపాకులు గురిపెట్టి ఉంటారు. చూసి "అబ్బ, ఏం ధైర్యం!" అనుకుంటాం, నలుగురికీ ఫార్వర్డ్ చేస్తాం. ఆ తుపాకి ఎక్కడిది, అందులో వేసే తూటా ఎవరిచ్చారు అని మాత్రం ఎవరం అడగం. నాకు మాత్రం ఎప్పుడూ ఆ డౌటే. మా నల్గొండ జిల్లాలో ధైర్యానికి కొరత ఎప్పుడూ లేదు లేండి. కొరతల్లా తూటాలకే.

1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు దొడ్డి కొమరయ్యని కాల్చి చంపేనాటికి జనం దగ్గర ఉన్నవి వడిసెలలు, గుత్పలు, కారప్పొడి, రోకళ్ళు. కాస్త ఉన్నవాళ్ళ ఇంట్లో భర్మార్. ఉర్దూలో భర్ అంటే నింపు, మార్ అంటే కొట్టు. యూజర్ మాన్యువల్ మొత్తం పేరులోనే ఉంది చూడండి :) గొట్టం మూతిలోంచి మందు పోయాలి, గుడ్డపీలిక కుక్కాలి, ఇనప గుళ్ళు వెయ్యాలి, కడ్డీతో దట్టించాలి, అప్పుడు పేల్చాలి. ఒక్కసారి పేలాక మళ్ళీ మొదట్నుంచీ. అవతలివాడు ఈలోగా ఊరుకుంటాడా?

త్రీ నాట్ త్రీ సంగతి వేరు. అసలు పేరు లీ ఎన్‌ఫీల్డ్. జేమ్స్ పారిస్ లీ అనే స్కాట్లాండ్ పుట్టుక ఇంజినీరు బోల్టు, మ్యాగజీన్ డిజైన్ చేశాడు. ఎన్‌ఫీల్డ్ అనేది లండన్ పక్కన సర్కారు వారి తుపాకుల కార్ఖానా ఉన్న ఊరు. (మనవాళ్ళు దుడుదుడుమని తోలే బుల్లెట్ బండి పేరులోని ఎన్‌ఫీల్డ్ కూడా అదే. ఆ కంపెనీ మొదట్లో ఆ కార్ఖానాకి విడిభాగాలు సప్లై చేసేది.) గొట్టం లోపలి వెడల్పు అంగుళంలో 0.303 వంతు కాబట్టి త్రీ నాట్ త్రీ. మ్యాగజీన్‌లో పది తూటాలు. బోల్టు లాగి తోస్తే ఖాళీ తొడుగు బయటపడి కొత్త తూటా లోపలికి పోతుంది. మొదటి ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ సిపాయి నిమిషానికి పదిహేను సార్లు గురిచూసి కాల్చేలా ట్రెయినింగ్ తీసుకునేవాడు.

ఇప్పుడు నాకు బాగా నచ్చే పార్టు. ఈ తుపాకీని చూసి దాని జాతకం చెప్పెయ్యొచ్చు. డాలస్‌లో ఉండే ఫ్రెండ్ ఒకడు అక్కడి గన్ షోలో ఒక టేబుల్ మీద "ఇషాపూర్" అని చెక్కి ఉన్న తుపాకి చూసి, "ఏందిరా, మన ఇండియా సరుకు ఇక్కడ అమ్ముతున్నరు" అని ఫోటో పంపాడు. కాలం చెల్లిన మిలిటరీ సామాను ప్రభుత్వాలు టోకున అమ్మేస్తే అమెరికా వ్యాపారులు కొంటారు. అక్కడివాళ్ళు దాన్ని ఇంటికి తెచ్చుకుని ముందు చెక్క కోసేసి, బరువు తగ్గించి, పైన టెలిస్కోప్ బిగించి దుప్పుల వేటకి వాడుకుంటారు. దానికి "స్పోర్టరైజ్" చెయ్యడం అని పేరు. 1950లలో, 60లలో ఇలా కోసిపారేసినవి లెక్కలేనన్ని. ఇప్పుడేమో కొయ్యనిదానికే రేటెక్కువ.

జాతకం ఎక్కడ రాసుంటుందంటే, బోల్టు పిడికి కింద, వెనకాల చెక్క మడమ మొదలయ్యే చోట ఇనప పట్టీ ఉంటుంది. దాని కుడిపక్కన పైనుంచి కిందికి కిరీటం, రాజుగారి పొడి అక్షరాలు, ఫ్యాక్టరీ పేరు, సంవత్సరం, మోడల్. మన సాఫ్ట్‌వేర్ భాషలో వెర్షన్ స్ట్రింగ్ అన్నమాట. అక్షరాలు "జీ.ఆర్." మాత్రమే ఉంటే జార్జ్ రాజు. చివర "ఐ" కూడా ఉంటే, రాజు మాత్రమే కాదు, చక్రవర్తి కూడా అని. అది బెంగాల్లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ ముద్ర. స్వాతంత్ర్యం వచ్చాక కిరీటం పోయి నాలుగు సింహాలొచ్చాయి, "ఆర్.ఎఫ్.ఐ." అయింది. మోడల్ దగ్గర మూడో అంకె పక్కన చుక్క గుర్తుంటే 1916 తర్వాతి పొదుపు వెర్షన్. యుద్ధంలో తయారీ తొందర కోసం మ్యాగజీన్ మూసే రేకులాంటివి తీసేశారు. ముందు చెక్కలోంచి అడ్డంగా ఒక స్క్రూ కనబడితే అది మనదేశంలో రిపేరైన బండే. చెక్క చుట్టూ రాగి తీగ చుట్టి ఉంటే గ్రెనేడ్లు విసరడానికి వాడినది. "డీ.పీ." అని ఉంటే డ్రిల్లుకి మాత్రమే, పేల్చకూడదు. కాలేజీలో ఎన్‌సీసీ చేసినవాళ్ళకి తెలిసే ఉంటుంది. మనచేత గడ్డిలో పడుకోబెట్టి కాల్పించే పాయింట్ టూ టూ కూడా ఈ కుటుంబంలోదే.

ఇంతవరకూ బానే ఉంది. అమెరికావాడు తుపాకీని తన సరదాకి తగ్గట్టు మార్చుకున్నాడు. మన దగ్గర మార్చింది ఎవరు? పట్టుకున్నవాడు మార్చుకోలేదు. ఇచ్చినవాడు, ఇచ్చేముందే, భయంతో మార్చి ఇచ్చాడు.

1857 తిరుగుబాటు అయ్యాక తెల్లవాళ్ళకి జ్ఞానోదయమైంది. రైఫిల్ గొట్టం లోపల మెలితిరిగిన గాడులుంటాయి, గుండు గిరగిరా తిరుగుతూ తిన్నగా దూరం పోయేది వాటివల్లే. నల్ల సిపాయిలకిచ్చే 1858 మోడల్లో ఆ గాడులు లేకుండా గొట్టాన్ని నున్నగా తొలిచి ఇచ్చారు. పైకి చూడ్డానికి తెల్ల సిపాయి తుపాకీలాగే ఉంటుంది, గురి మాత్రం ఉండదు. ఆ తర్వాత కూడా తెల్లవాడికి కొత్త మోడల్ వచ్చాకే పాతది మనవాడికి. వాళ్ళకి మార్టినీ ఉన్నప్పుడు మనకి స్నైడర్, వాళ్ళకి లీ మెట్‌ఫర్డ్ వచ్చాక మనకి మార్టినీ. ఎప్పుడూ ఒక వెర్షన్ వెనక. ఇది బడ్జెట్ లేక కాదు, పాలసీ.

అన్నిటికంటే పచ్చిగా కనబడేది పోలీసులకి, జైలు గార్డులకి ఇచ్చిన "పాయింట్ ఫోర్ టెన్" మస్కెట్. ఇషాపూర్‌లో మంచి త్రీ నాట్ త్రీలు తీసుకుని గొట్టం నున్నగా, వెడల్పుగా చేసేశారు. మ్యాగజీన్ ఉండాల్సిన చోట చెక్క దిమ్మె పెట్టారు. అంటే ఒక్కో తూటా చేత్తో పెట్టుకోవాల్సిందే. తూటా కూడా ప్రత్యేకం. త్రీ నాట్ త్రీ తొడుగునే మెడ సన్నగా నొక్కకుండా నిటారుగా వదిలేసి తయారుచేశారు. ఈ తుపాకి ఎవడైనా ఎత్తుకుపోయినా మిలిటరీ తూటా అందులో పనిచెయ్యదు, దాని తూటా బజార్లో దొరకదు. ప్రింటర్ చవగ్గా ఇచ్చి కార్ట్రిడ్జ్‌కి లాక్ పెట్టే కంపెనీలని తిట్టుకుంటాం కదా, ఆ ఐడియా కొత్తదేం కాదు. తన సొంత పోలీసునే నమ్మని ప్రభుత్వం చేసిన ఇంజినీరింగ్ అది.

ఆ భయం ఉత్తదేం కాదని 1922లో అల్లూరి చూపించాడు. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లని వరసగా మూడు రోజులు కొట్టి తుపాకులతోపాటు తూటాలూ పట్టుకుపోయాడు. తూటా లేని తుపాకి మన పిట్టలదొర చేతిలో కట్టె తుపాకీతో సమానం కదా. ఖాకీ నిక్కరు, పాత టోపీ, బడాయి కబుర్లు. మా వైపు గొప్పలు చెప్పేవాణ్ణి ఇప్పటికీ "తుపాకి రాముడు" అంటారు.

మళ్ళీ నల్గొండకి వద్దాం. 1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపిచ్చారు. పిలుపు సరే, ఆయుధాలో? దేశ్‌ముఖుల గడీల్లోంచి, పోలీసు క్యాంపుల మీద దాడుల్లోంచి. ఇక్కడే త్రీ నాట్ త్రీ స్టాండర్డ్ అవ్వడం దళాలకి కలిసొచ్చింది. ఒక రైఫిల్ చిక్కితే, దానికి సరిపడే తూటాలు పోలీసు దగ్గరా ఉంటాయి, నిజాం సైనికుడి దగ్గరా ఉంటాయి. శత్రువు నడుముకున్న బెల్టే మన స్టోర్ రూం. బ్రిటిష్‌వాడు ఫోర్ టెన్ తయారుచేసి ఏ ప్రమాదాన్ని ఆపాలనుకున్నాడో, సరిగ్గా అదే జరిగింది. కాకపోతే ఇందులో ఒక మెలిక ఉంది. ఒక్కో తూటా కోసం ఇంకో దాడి చెయ్యాలి. అందుకే పోరాటం నడిచినన్నాళ్ళూ భర్మార్ మూలన పడలేదు. దాని మందు ఊళ్ళోనే నూరుకోవచ్చు.

ఎదుటివైపు కూడా అంత గొప్పగా ఏం లేదు. రజాకార్లలో ఎక్కువమంది చేతుల్లో భర్మార్లు, కత్తులే. నిజాం ప్రభుత్వం సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడిచేత 1948లో కరాచీ నుంచి దొంగచాటుగా విమానాల్లో ఆయుధాలు తెప్పించుకుంది. అవీ ఆదుకోలేదు. సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది. విజయవాడ వైపు నుంచి వచ్చిన దళం 15న సూర్యాపేట పట్టుకుంది. వెనక్కిపోతూ నిజాం సైన్యం మూసీ వంతెన పేల్చింది గానీ, కాపలా కాసి కాల్పులు జరపకపోవడంతో ఇంజినీర్లు చకచకా బాగుచేసేసుకున్నారు. నార్కట్‌పల్లి దగ్గర ఒక రజాకార్ల గుంపు పూర్తిగా దెబ్బతింది. సూర్యాపేట నుంచి నార్కట్‌పల్లికి వెళ్ళే ఆ రోడ్డు మీదే మా కట్టంగూర్. నిన్నమొన్నటిదాకా తొమ్మిదో నంబర్ హైవే, ఇప్పుడు అరవై ఐదు. వీకెండ్‌కి విజయవాడ పరిగెత్తే మనవాళ్ళకి అక్కడ టోల్‌గేట్లు తప్ప ఏమీ గుర్తురావు.

రజాకార్లు పారేసి పరిగెత్తిన తుపాకులు చాలావరకు దళాల చేతికొచ్చాయి. అంతకుముందు ఎన్నడూ లేనన్ని. కానీ అప్పటికి ఎదురుగా ఉన్నది నిజాం పోలీసు కాదు. అదే త్రీ నాట్ త్రీ పట్టుకున్న, రెండో ప్రపంచయుద్ధం చేసొచ్చిన సైన్యం. దళాలు నల్లమలకి, గోదావరి అడవులకి జరిగాయి. 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించారు. గెలిచారా ఓడారా అని ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. ఆ గొడవలోకి నేను పోను.

మన రాజ్యం వచ్చాక పాలసీ మారిందనుకుంటే పొరపాటే. త్రీ నాట్ త్రీ మామూలు జనానికి ఇప్పటికీ నిషిద్ధ బోరు. లైసెన్సున్నా ఇవ్వరు. లైసెన్సుదారుకి ఇషాపూర్ తయారుచేసే స్పోర్టింగ్ రైఫిల్ పాయింట్ త్రీ ఫిఫ్టీన్, అదే లీ బోల్టు, తూటా మాత్రం వేరు. మిలిటరీ తూటా అందులో దూరదు. పోలీసుకేమో పాతదే మిగిలింది. 2008 నవంబర్ 26న ముంబై సీఎస్‌టీ స్టేషన్లో ఏకే 47ల ముందు మన పోలీసుల దగ్గరున్నది ఈ ముసలి రైఫిలే. యూపీ పోలీసులు దీనికి వీడ్కోలు చెప్పింది 2020 జనవరి 26 పరేడ్‌లో.

జనం చేతిలో తుపాకులుండాలని నేననడంలేదు. అమెరికా వార్తలు రోజూ చూస్తూనే ఉన్నాం. నా గొడవ వేరే. పాత ఇల్లు కూల్చేటప్పుడో, బావి పూడిక తీసేటప్పుడో తుప్పుపట్టిన తుపాకి బయటపడిందనుకోండి. హీరోలా ఫోటో దిగకండి, లోపల మందు ఉండొచ్చు. లైసెన్స్ లేకుండా ఇంట్లో పెట్టుకుంటే 1959 ఆయుధాల చట్టం కింద కేసు. స్టేషన్‌కి చెప్పాల్సిందే. అక్కడినుంచి అది ఎప్పుడో ఒకప్పుడు కొలిమికి పోతుంది. పోయేలోపు ఆ ఇనప పట్టీ మీది నాలుగు లైన్లు, నంబరు, ఏ ఊళ్ళో ఎక్కడ దొరికింది, ఇంతమాత్రం ఒక కాగితం మీద రాసి మ్యూజియంకో యూనివర్సిటీకో పంపమని ఎస్సైగారిని అడగండి. ఏ ఫ్యాక్టరీలో ఏ ఏడు పుట్టి, ఎవరి చేతికిచ్చింది ఎవరి చేతిలోకి వచ్చిందో చెప్పేది అదొక్కటే. పది నిమిషాల పని.