‘క్యాజువాలిటీ’ అంటే చనిపోయినవారేనా? ఆపద వేళ తెలియాల్సిన ఇంగ్లిష్ మాటలు

వానాకాలం వచ్చిందంటే ఫోన్లకు ఇంగ్లిష్‌లో హెచ్చరికలు మొదలవుతాయి. పిల్లలు చదువుతారు, అమ్మీ, అబ్బా అర్థం అడుగుతారు. ఒక్క మాట తప్పుగా అర్థమైతే అనవసరంగా కంగారు పడతారు, లేదా కదలాల్సిన టైంలో ఇంట్లోనే కూర్చుండిపోతారు. తరచూ వినిపించే కొన్ని మాటలు ఇవి.

డేంజర్: ప్రమాదం, ఖత్రా. ట్రాన్స్‌ఫార్మర్ మీద పుర్రె బొమ్మతో కనిపించేది ఇదే.

ఫ్లడ్: వరద, సైలాబ్.

ఎర్త్‌క్వేక్: భూకంపం, జల్‌జలా.

సైక్లోన్: తుఫాను, తూఫాన్. ఈ ఇంగ్లిష్ మాట 19వ శతాబ్దంలో కలకత్తాలోనే పుట్టింది. తుఫానులపై పరిశోధన చేసిన హెన్రీ పిడింగ్టన్ దీన్ని వాడుకలోకి తెచ్చారు. ‘మాన్‌సూన్’ మాత్రం అరబ్బీ ‘మౌసిమ్’ నుంచి వెళ్లింది. ఇంట్లో మనం అనే ‘మౌసం’ కూడా అదే.

ల్యాండ్‌ఫాల్: తుఫాను తీరం దాటడం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు ఈ మాట బాగా వినిపించింది. తుఫాను కన్ను మీద నుంచి పోయేటప్పుడు గాలి కాసేపు ఆగుతుంది, తర్వాత ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది. గాలి ఆగింది కదా అని బయటికి రాకూడదు.

ఎవాక్యుయేట్: ఇల్లు ఖాళీ చేసి సురక్షిత చోటుకు వెళ్లడం. ఇది వింటే ఆలస్యం చేయొద్దు.

ఇక్కడ పొరపడొద్దు

క్యాజువాలిటీ: ‘20 క్యాజువాలిటీస్’ అంటే 20 మంది చనిపోయారని కాదు. గాయపడినవారు కూడా ఆ లెక్కలో ఉంటారు. మరణాలకు ‘డెత్స్’, ‘ఫెటాలిటీస్’ అంటారు. ఆస్పత్రిలో ‘క్యాజువాలిటీ’ బోర్డు ఉంటే అది ఎమర్జెన్సీ వార్డు.

ఇన్‌ఫ్లేమబుల్: ముందు ‘ఇన్’ ఉంది కాబట్టి మంట అంటుకోదు అనుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది. ఫ్లేమబుల్, ఇన్‌ఫ్లేమబుల్ రెండింటి అర్థం ఒక్కటే: త్వరగా అంటుకునేది. మండనిదైతే ‘నాన్-ఫ్లేమబుల్’ అంటారు. గల్ఫ్‌లో గోదాముల్లో, వర్క్‌షాపుల్లో పనిచేసేవారు దీన్ని తప్పక గుర్తుంచుకోవాలి.

అలర్ట్ రంగులు

వాతావరణ శాఖ హెచ్చరికల్లో గ్రీన్ అంటే హెచ్చరిక లేదు. యెల్లో అంటే గమనిస్తూ ఉండండి. ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండి. రెడ్ అంటే వెంటనే జాగ్రత్త చర్యలు తీసుకోండి.

పిల్లలతో రోజుకు రెండు మాటలు చదివించి, ఉర్దూలో, తెలుగులో అర్థం చెప్పించండి. ఎమర్జెన్సీ నంబర్ 112 కూడా వాళ్లకు కంఠతా రావాలి.