ఓడలో ఉయ్యాల మంచం

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో మిస్టిక్ అనే నది ఉంది. ఒడ్డున ఉన్న ఊరి పేరూ అదే. చిన్న ఊరే కానీ ఒకప్పుడు ఓడల తయారీకి పేరున్న రేవు. గ్రీన్‌మన్ అన్నదమ్ములు ఓడలు కట్టిన చోటే ఇప్పుడు మిస్టిక్ సీపోర్ట్ మ్యూజియం ఉంది. 1929లో మొదలైంది. తాళ్ళు పేనే పొడవాటి షెడ్డు, కమ్మరి కొలిమి, పీపాలు చేసే దుకాణం చూసుకుంటూ వెళ్ళినవాళ్ళంతా ఆగేది మాత్రం చార్లెస్ డబ్ల్యూ. మోర్గాన్ దగ్గరే.

ఇది తిమింగలాల వేట కోసం 1841లో కట్టిన కొయ్య ఓడ. 80 ఏళ్ళలో 37 సార్లు వేటకెళ్ళి, 1941లో ఇక్కడికి చేరింది. పైకెక్కగానే ఇటుకల పొయ్యి, దాని మీద పెద్ద పెద్ద ఇనప గంగాళాలు. నాకు మన పెళ్ళిళ్ళలో తవ్వే గాడిపొయ్యి గుర్తొచ్చింది. తిమింగలం కొవ్వు అందులో కాచి, నూనె పీపాలకెత్తేవారు. మిగిలిన పిప్పినే మళ్ళీ పొయ్యిలో వేసేవారు. కొయ్య ఓడ మీద నిప్పు కదా, అందుకని పొయ్యి కింద నీళ్ళు ఉంచేవారు.

ఆ నూనె ఇళ్ళల్లో దీపాలకి, మిల్లుల్లో యంత్రాలకి వెళ్ళేది. కొన్ని రకాల తిమింగలాల నోట్లో పళ్ళకు బదులు ఉండే పట్టీలు ఆడవాళ్ళ నడుము బిగించే కార్సెట్లలోకి వెళ్ళేవి. సన్నటి నడుము కోసం ఎంత దూరం వెళ్ళారో!

కెప్టెన్ గదిలో ఓ మంచం ఉంది. ఓడ ఎటు ఒరిగినా పడుకున్నవాళ్ళు ఒరగకుండా ఉయ్యాలలా అమర్చారు. 1860లలో కెప్టెన్ లాండర్స్ భార్య లిడియా కోసం పెట్టించిందట. తర్వాత ఆనర్ ఎర్ల్ అనే మరో కెప్టెన్ భార్య, ఓడ దారి లెక్కలు కట్టడంలో భర్తకు సాయంగా పనిచేసింది. వంటా కుట్టూ కాదు, లెక్కలు! ఆ మాట విన్నప్పుడు నాకు భలే సంతోషమేసింది.

కానీ ముందు భాగంలో, ఇరుకు అరల్లో పడుకున్న నావికుల భార్యలకి ఓడలో చోటు లేదు. కొన్ని ప్రయాణాలు మూడు, నాలుగేళ్ళు సాగేవి. నావికులకి నెల జీతం ఉండదు. ఓడ తిరిగొచ్చి, నూనె అమ్మాక వచ్చే వాటాయే. అందులోంచీ ఓడలో కొనుక్కున్న బట్టలు, పొగాకు ఖర్చు కోసేసేవారు. అన్నాళ్ళూ అప్పు సరుకు తెచ్చుకుని, కుట్టుపని చేసి, పిల్లల్ని పెంచి ఇల్లు నిలబెట్టింది ఆ ఇల్లాళ్ళే. ఎన్ని పీపాల నూనె వచ్చిందో ఓడ పుస్తకంలో రాసుకున్నారు. వీళ్ళ లెక్క ఎవరు రాశారు?

మీరెప్పుడైనా అటువైపు వెళ్తే ఆ ఉయ్యాల మంచం తప్పక చూడండి. ఒడ్డున ఉండిపోయినవాళ్ళనీ ఒకసారి తలుచుకోండి.