పెద్దల చదువు, కంప్యూటరు – కొంత పూర్వకథ

మన నూజివీడులో కంప్యూటరు మాట యెత్తితే అందరికీ ట్రిపుల్ ఐటీయే గుర్తొస్తుంది. 2008లో అది వచ్చినాక పల్లెటూరి పిల్లలు లాప్‌టాప్‌లు ముందు పెట్టుకుని చదవటం మనం కళ్ళారా చూశాం. సంతోషమే. మరి ఆ పిల్లల తల్లుల సంగతేమిటి? తోటలు కౌలుకు పట్టే పెద్దల సంగతేమిటి? వయసు వచ్చినవాళ్ళకు కంప్యూటరు దగ్గర చదువు చెప్పటానికీ మన తెలుగునాట ఒక చరిత్ర వున్నది. సభ్యులకూ వారి కుటుంబాలకూ అది తెలియాలని యీ నాలుగు ముక్కలు రాస్తున్నాం.

1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం మొదలయింది. రాత్రి బళ్ళు నడిచినాయి. 1988లో సాక్షరతా మిషన్ వచ్చింది. మూడు వాచకాలు, సుమారు 200 గంటల చదువు. పగలంతా కాయ కోసి, గడ్డి పరిచి పెట్టెలు కట్టిన మనిషి రాత్రిపూట అన్ని గంటలు కూర్చోగలడా? చాలామంది మధ్యలోనే మానేసేవారు. తప్పు వాళ్ళది అనటానికి మాకు నోరు రాదు.

2000లో కొత్త ప్రయత్నం జరిగింది. పెషావరులో పుట్టి, టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌ను నిలబెట్టిన ఫకీర్‌చంద్ కోహ్లీగారు దీనికి పూనుకున్నారు. అప్పటి మెదక్ జిల్లా బీరంగూడ గ్రామంలో, తెలుగులోనే ఆరంభం. సాక్షరతా మిషన్ పాఠాలనే కంప్యూటరులోకి ఎక్కించారు. అక్షరాలు వరసగా బట్టీ పట్టించకుండా మాటను మాటగా, బొమ్మతో, గొంతుతో చూపించారు. కంపెనీలు పక్కన పెట్టేసిన పాత కంప్యూటర్లే చాలినాయి. పెద్ద చదువు చదివిన మేష్టరూ అక్కర్లేకపోయింది. 40 గంటల్లో మామూలు మాటలు చదవగలిగేటట్టు దాన్ని తయారుచేశారు. తర్వాత ఉర్దూతో సహా మరికొన్ని భాషల్లోకీ వెళ్ళింది. అది చదవటం నేర్పింది గాని, రాయటం, లెక్కలు అంతగా నేర్పలేదు. ఆ లోపం వున్నమాట నిజమే.

ఇక మన యిళ్ళ సంగతి. ఖురాన్ షరీఫ్ చూసి చక్కగా చదివే దాదీలు బ్యాంకు కాగితం మీద వేలిముద్ర వేస్తారు. అరబీ అక్షరాలు వచ్చు, తెలుగు అక్షరం రాదు. వీళ్ళను నిరక్షరాస్యులని ఒక గడిలో రాసేసి వూరుకుంటే సరిపోతుందా? మా యెరుకలో ఒకావిడ, భర్త పోయినాక చిన్న బంగినపల్లి తోట చూసుకుంటున్నది. కాయ డబ్బు ఖాతాలో పడిందని మధ్యవర్తి ఫోను చూపిస్తే సరేనన్నది. నెల తర్వాత బ్యాంకుకు పోతే పడింది సగమే. అడగటానికి అప్పటికి సీజనే అయిపోయింది.

2017లో కేంద్ర ప్రభుత్వం గ్రామీణ డిజిటల్ సాక్షరతా పథకం పెట్టింది. 20 గంటల శిక్షణ, ఇంటికి ఒకరు, వయసు 14 నుంచి 60 దాకా. మైనారిటీలకు, స్త్రీలకు ప్రాధాన్యం అన్నారు. కాని ఇంటికి ఒకరే అంటే యెవరు పోతారు? ఫోను అప్పటికే వచ్చిన కుర్రవాడే గదా! సర్టిఫికెట్టు ఇంటికి వస్తుంది, అమ్మీ వంటింట్లోనే వుంటుంది. 60 దాటినవారికి చోటే లేదు, పింఛను వచ్చేదేమో వాళ్ళకే. 2024 మార్చి 31తో ఆ పథకమూ ముగిసింది.

అంచేత మన సంఘం తరఫున నేర్పేటప్పుడు ఇంటికి ఒకరు అనే లెక్క వద్దని మా అభిప్రాయం. ముందు యెవరి ఫోను వారిదే, తమ ఖాతాలో అంకె తాము చదవటం. కంప్యూటరు ఆ తర్వాత. మామిడి కాలంలో పెడితే యెవరూ రారు, కాయ అయిపోయినాక జూలైలో మొదలుపెట్టాలి. ఆడవారికి జొహర్‌కూ అసర్‌కూ మధ్య వేళ అనుకూలం. మూలన పడివున్న కంప్యూటరు యెవరి దుకాణంలోనైనా వుంటే ఆఫీసుకు చేర్చండి. పాతదైనా ఫరవాలేదు, బీరంగూడలో పెట్టినవీ పాతవే.